మంచు చెక్కల గదిలో మా బావ

మా బావ పోయాడన్న కబురు నాకు ఖతర్‌లో, మేం ఉండే మెసైమీర్‌లో, డ్యూటీ బస్సు కోసం నిలబడ్డ చోట తెలిసింది. అక్క ఫోను చేసింది. ఏడవలేదు. "మీ బావ పోయిండురా తమ్మీ. చాయ తాగి గోడకు ఒరిగిండు, మల్ల లేవలేదు" అంది. వెనక ఆడవాళ్ళ ఏడుపులు వినబడుతున్నాయి. ఇంతలో బస్సు వచ్చింది. ఎక్కాను. ఎక్కకుండా ఇంకేం చేయాలో తోచలేదు. ఇక్కడ మా వయసు వాళ్ళకు చావు కబుర్లు ఇట్లాగే వస్తాయి. ఒక చేతిలో అన్నం డబ్బా, ఒక చేతిలో ఫోను.

నేను చదువుకున్నవాణ్ణి కాదు. పొగడటం అసలే రాదు. బావను పొగడటానికి ఇది రాయడం లేదు. ఆయన చివరి ఏళ్ళు ఏం పని చేశాడో మా ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. తెలియకుండానే మోసుకుపోయారు. అది నాకు మింగుడు పడలేదు. అందుకే చెబుతున్నాను.

ఆయన మా అక్క మొగుడు. జగిత్యాల దిక్కు మాది. నేను సుతారిని, గోడలు కడతాను. ఆయన సెంట్రింగ్ పని. స్లాబు పోసే ముందు కింద చెక్కలు కొట్టేవాడు. ఖతర్‌లో ఎండల్లో ఏళ్ళకేళ్ళు చేశాం. మోకాళ్ళు, నడుములు పోయాక ఇద్దరం కలిసి అల్ రయ్యాన్ వైపు ఒక మాల్‌లో చేరాం. అందులో అప్పుడే మంచు హాలు కడుతున్నారు. బయట నేల కాలుతుంటే లోపల మంచు. ఆ మంచు వాలు మీద జనం రెండు పాదాలూ ఒకే చెక్కకు బిగించుకుని, పక్కవాటుగా నిలబడి పైనుంచి కిందికి జారుతారు. స్నోబోర్డ్ అంటారు దాన్ని. లోపల కట్టె, పైన ప్లాస్టిక్, అంచుకు ఇనుము. బావ మాత్రం ఎప్పుడూ చెక్క అనే అన్నాడు. నేనూ అదే అంటాను.

ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. మా వాళ్ళకు ఖతర్ అయినా, ఇంకోటయినా అంతా దుబాయే. అక్క బీడీలు చుడుతూ ఫోనులో నన్ను నిలదీసింది. "దుబాయ్‌ల మంచెక్కడిదిరా? నిజం చెప్పు, మీ బావ జైల్ల గిట్ల వడ్డడా?" అంది. బావ లావు కోటు తొడుక్కుని ఫొటో పంపితే, అది ఎవరిదో కోటు, స్టూడియోలో దిగాడు అన్నారు. బావ నవ్వాడు. "జైలు అయితేనే నయముండె, గింత సలి ఉండదు" అన్నాడు.

ఇక అసలు సంగతి. హాలు తెరవబోయే ముందు కొత్త చెక్కలు కంటైనర్‌లో వచ్చాయి. నడి ఎండాకాలం. ఆ కంటైనర్ రెండు రోజులు బయట నిలబడింది. మమ్మల్ని దించి లోపల పెట్టమన్నారు. బావ ఒక చెక్క నేల మీద పెట్టాడు. నడుమ లేచి ఉంది. ఇంకోటి పెట్టాడు, అదీ అంతే. కింద వేలు పట్టేంత సందు. ఇంకో కట్టలోవి అయితే తలకిందులు. నడుమ నేలను తాకి, కొసలు రెండూ పడవలా పైకి లేచాయి. బావ ముఖం నల్లబడింది.

"ఎండకు గుంజుకున్నయిరా. ఇప్పుడు మన మీదికే వస్తది" అన్నాడు.

చెక్క గుంజుకుంటే ఏం చేయాలో సెంట్రింగ్ వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. సాపు నేల మీద పరిచి, పైన బరువు పెట్టి, తెల్లారేదాకా వదిలేస్తారు. పక్కనే టైల్స్ పెట్టెలు ఉన్నాయి. ఇద్దరం మోశాం. లేచిన నడుముల మీద పెట్టెలు పెట్టాం. పడవ తీరుగా ఉన్నవాటిని బోర్లా తిప్పి, వాటి మీదా పెట్టాం. మంచి పని చేశామనే అనుకున్నాం. బావ పెట్టెలన్నీ సరిగ్గా నడుమ మీదే కూర్చున్నాయా అని ఒకటికి రెండుసార్లు చూసి గానీ కదల్లేదు.

పొద్దున కోచ్ వచ్చాడు. లెబనాన్ మనిషి. వాళ్ళ దేశంలో నిజం మంచు కొండలున్నాయట. చిన్నప్పటి నుంచి జారినవాడు. ఆ పెట్టెల గుట్ట చూసి రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు. అరబ్బీలో ఏమేమో అన్నాడు. తర్వాత మాకు అర్థమయ్యేట్టు సైటు హిందీలో చెప్పాడు. ఆ వంపు ఎండకు వచ్చింది కాదు, కావాలని చేసిందే. నడుమ లేచిన చెక్క మీద మనిషి ఎక్కితే అది అణిగి, తిరిగి పైకి నెడుతుంది. ఆ నెట్టుడు వల్లే అంచు మంచును పట్టుకుంటుంది. పడవ తీరుది కొత్తవాళ్ళకు. దాని అంచు ఊరికే మంచులో గుచ్చుకోదు, పడేయదు. ఇవన్నీ మీరు సాపు చేశారా అని అడిగాడు. ఎవరు చేశారన్నాడు.

నేను నోరు తెరిచే లోపే బావ ముందుకు వెళ్ళాడు. "నేనే జేసిన. ఈయనకు తెల్వది, ఈయన రాయిపనోడు" అన్నాడు.

తెరిచిన రోజు ఇవి సరిగా నడవకపోతే ఖలాస్, ఇంటికి విమానమే అన్నాడు కోచ్. పెట్టెలు తీయించాడు. చెక్కలు లేచాయి. అయితే పూర్తిగా లేచాయా, కొంచెం తగ్గాయా, మాకెట్లా తెలుస్తుంది? పెట్టక ముందు మేం కొలిచామా ఏమన్నానా? కోచ్ నాలుగు చెక్కలు ఎక్కి జారి చూశాడు. కిందికి వచ్చి బాగుందనీ అనలేదు, పాడైందనీ అనలేదు. "యల్లా, ర్యాక్ మీద పెట్టు" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఉద్యోగం పోలేదు. నేను మరిచిపోయాను. బావ మరిచిపోలేదు. ఆయనకు విమానం భయం కాదు. పుట్టినప్పటి నుంచి చెక్క పని చేసినవాడు చెక్కను చెడగొట్టాడు అనిపించుకోవడం ఆయన వల్ల కాలేదు. చెడగొట్టానా లేదా, అదొక్కటే ఆయనకు తెలియాలి. అడిగితే కోచ్ ఏమంటాడో అని అడగడు. అడగకుండా ఉండనూ లేడు. జనానికి చెక్కలు బిగించి ఇచ్చే గదిలో మనిషి కావాలంటే తనే పోయి అడుక్కుని ఆ గదిలో చేరాడు. నాకు మంచు మీద పని ఇచ్చారు.

అప్పటి నుంచి రోజూ ఒకటే వరస. గది తెరవగానే ఆ మొదటి కంటైనర్‌లో వచ్చినవాటిలో ఒక చెక్క తీసేవాడు. నేల మీద పెట్టేవాడు. నడుమ అరచెయ్యి పెట్టి అణిచేవాడు, వదిలేవాడు. తర్వాత ఆ పాడు మోకాళ్ళ మీద వంగి, చెంప నేలకు ఆనించి, చెక్క కింద కనబడే వెలుతురు చూసేవాడు. వెలుతురు నిండుగా ఉంటే ఆ పూట నాతో పరాచికాలు. కొంచెం సన్నగా అనిపిస్తే అన్నం సగమే తినేవాడు. కోచ్ అటూ ఇటూ పోతూ చూసేవాడు. 

ఆ దిగులుతోనే ఆయన చెక్కలన్నీ నేర్చుకున్నాడు. ఎవరికి ఏది ఇవ్వాలో కోచ్ చెప్పాడు, మిగిలింది ఆయనే పట్టుకున్నాడు. ఆయన దగ్గర నేను విన్నది ఇక్కడ చెబుతాను, మీలో ఎవరైనా ఆ మంచు మీదికి పోతే పనికొస్తుంది. రెండు కొసలూ ఒక్క తీరుగా ఉంటే అది ఎటు తిప్పినా పోతుంది, నేర్చుకునేవాళ్ళకు, ఆటలాడేవాళ్ళకు మంచిది. ముక్కు పొడుగ్గా, తోక పొట్టిగా, సన్నగా ఉంటే అది ముందుకే పోవడానికి పుట్టింది, లోతు మంచుకు, వేగానికి. మా హాలులో లోతు మంచు లేదు గనుక అటువంటివి గోడకే ఉండేవి. నడుము సన్నగా కోసినది త్వరగా మలుగుతుంది, అంటే మలుపు తిరుగుతుంది. వెడల్పు పాదాన్ని బట్టి చూడాలి. వేళ్ళూ మడమా చెక్క దాటి బయటికి వస్తే, మలిగినప్పుడు మంచుకు గీరుకుని మనిషి పడతాడు.

పొడుగు సంగతి వచ్చేసరికి అందరూ తప్పే చేస్తారు. చెక్కను పక్కన నిలబెట్టుకుని గడ్డానికి వచ్చిందా, ముక్కుకు వచ్చిందా అని చూస్తారు. అదీ చూడాలి గానీ బావ ముందు చూసేది బరువు. "పొడుగు జూసి పిల్లనియ్యొద్దు, పొడుగు జూసి చెక్కియ్యొద్దు" అనేవాడు. బరువు అడిగితే జనం నిజం చెప్పరు, ఆడవాళ్ళ ముందు మగవాళ్ళు మరీ. అందుకని అడగడమే మానేశాడు. నడుమ లేచిన చెక్కను నేల మీద పెట్టి మనిషిని ఎక్కమనేవాడు. కింద అట్టముక్క దూర్చేవాడు. అట్ట సులువుగా జారిందా, ఈ మనిషికి ఈ చెక్క గట్టిది. అస్సలు కదలలేదా, మెత్తది. కొంచెం పట్టి పట్టి వచ్చిందా, అదే వాడి చెక్క. "మనిషి బరువు చెక్కకు తెల్వాలె, చెక్క బరువు మనిషికి తెల్వొద్దు" అని ఇంకో మాట. ఇటువంటివి చాలా అనేవాడు. సగం అప్పటికప్పుడు పుట్టించినవే, పెద్దలు అన్నారని పెద్దల మీద పెట్టేవాడు.

ఆయన తప్పు చేయలేదని కాదు. చెక్క మీద ఏ కాలు ముందుండాలో ఒక్కొక్కరికి ఒక్కో తీరు. కొందరికి ఎడమ ముందు, కొందరికి కుడి. మనిషికి తెలియకుండా అది పట్టుకోవాలి. బావ ఏం చేశాడంటే, గది గుమ్మానికి అడ్డంగా ఒక కట్టె బద్ద కొట్టాడు, గడప లాగా. ఎవరు వచ్చినా ఏ కాలు ముందు వేసి దాటుతారో చూసి, ఆ కాలు ముందుండేట్టు బిగించేవాడు. ఫిలిప్పీన్స్ వాళ్ళు, అరబ్బులు, తెల్లవాళ్ళు, అందరికీ సరిపోయింది. మనవాళ్ళ దగ్గరే తన్నింది. ఒకసారి గోదావరి దిక్కు నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయనకు ఏదో ఆఫీసు ఉద్యోగం, అల్ అజీజియాలో ఉంటారట. బావ బిగించి పంపాడు. ఆ మనిషి లేచిందీ లేదు, నిలబడిందీ లేదు. మంచులో మూతి పెట్టుకుని తిరిగి వచ్చాడు.

"బాబాయ్ గారూ, ఈ బల్లకీ నాకూ జాతకం కలవలేదండీ" అన్నాడు.

అంతకు ముందు కూడా మన దిక్కు వాళ్ళు ఇట్లాగే పడ్డారు. బావ ఆ గడపనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తనే లోపలికీ బయటికీ రెండుసార్లు దాటాడు. నన్ను దాటమన్నాడు. ఇద్దరమూ కుడికాలే. అప్పుడు నవ్వు మొదలుపెట్టాడు, ఆగలేదు. గడప కనబడితే కుడికాలు ముందు పెట్టమని చిన్నప్పుడు నెత్తిన మొట్టి నేర్పారు కదా. మనవాళ్ళకు గడప దగ్గర సొంత కాలు ఎక్కడిది?

"సార్, తప్పుగ అనుకోకుండ్రి" అని ఆ గోదావరి మనిషిని అడిగాడు. "ప్యాంటేసుకునేటప్పుడు ముందుగాల ఏ కాలు తొడుగుతరు?"

ఆయన ఆలోచనలో పడ్డాడు. భార్య అందుకుంది. "ఆయనకి ఇంట్లో ప్యాంటెక్కడిదండీ, ఇరవై నాలుగ్గంటలూ లుంగీయే" అంది.

ఆఖరికి మేజోళ్ళతో నున్నటి నేల మీద జారమంటే ఎడమకాలు ముందు పెట్టాడు. మరలు విప్పి బిగించి పంపితే ఆ రోజే వాలు సగం దాకా వచ్చాడు. ఆ బద్ద మాత్రం బావ పీకలేదు. మనవాళ్ళు ఎవరో, వేరేవాళ్ళు ఎవరో చెప్పడానికి పనికొస్తుంది అన్నాడు.

తను మాత్రం ఒక్కసారి కూడా జారలేదు. కోచ్ రమ్మన్నా పోలేదు. "సుతారి మేడ కడతడు, అండ్ల పండుకుంటడా? అడుగు మా బామ్మర్దిని" అని నన్ను చూపించాడు. దోహాలో ఇన్ని గోడలు కట్టి మెసైమీర్‌లో పైమంచం కిందిమంచం మీద పడుకునేవాళ్ళం మేం. 

పోయిన ఏడు ఊపిరి ఆడటం తగ్గింది. మెట్లెక్కితే ఆగి ఆగి పీల్చేవాడు. చలిలో వద్దన్నారు డాక్టర్లు. కంపెనీ ఫైనల్ ఎగ్జిట్ ఇచ్చింది, ఇక ఇంటికే. పోయే రోజు పొద్దున కూడా గదికి వచ్చి ఒక చెక్క తీశాడు. వంగలేకపోయాడు. నన్ను వంగి చూడమన్నాడు. చూశాను. వెలుతురు ఉంది, బాగానే ఉంది అన్నాను. "నువ్వెట్ల చెప్తవ్? నీకు చెక్క తెల్వది" అన్నాడు. కోచ్ అక్కడే ఉన్నాడు. చేయి కలిపాడు, భుజం తట్టాడు. చెక్కలు చెడ్డాయా అని ఇప్పుడైనా అడుగుతాడేమో అనుకున్నాను. బావ అడగలేదు. సలాం చేసి వచ్చేశాడు.

ఊరి నుంచి ఫోను చేసినప్పుడల్లా ఆఖరున అదే. పోవడానికి వారం ముందు కూడా చేశాడు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"చెక్కలెట్లున్నయిరా?"

"ముందు నువ్వెట్లున్నవో చెప్పు."

"నాదేముంది. అవి లేస్తున్నయా?"

"లేస్తున్నయి బావా."

"నీ మాట నమ్మ" అన్నాడు. నవ్వాడో దగ్గాడో తెలియలేదు. అదే ఆఖరు.

కబురు వచ్చిన రోజు బస్సు దిగి హాలుకు పోయాను. తలుపులు ఇంకా తెరవలేదు. కోచ్‌కు ఎవరో చెప్పారు. వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. అల్లా యర్హమో, దేవుడు ఆయన్ను కరుణించాలి అన్నాడు. మంచి మనిషి అన్నాడు. నేను వినే స్థితిలో లేను. ఇన్నేళ్ళు ఆయన అడగనిది నేను అడిగాను. ఆ టైల్స్ పెట్టెలు పెట్టిన చెక్కలు పాడయ్యాయా, లేదా చెప్పమన్నాను.

కోచ్ నా ముఖం చూశాడు. ఆ సంగతి ఇంకా ఎవరి మనసులో అయినా ఉంటుందని అతను అనుకోలేదు, అది కనబడింది. అప్పుడు చెప్పాడు.

"మొదటి రోజే తెలుసు నాకు. వాటికేం కాలేదు. ఒక్క పూట బరువుకు అవి చావవు. మనుషులు ఎక్కితే రోజంతా పడేది బరువే కదా."

"మరి ఆయనకు ఎందుకు చెప్పలేదు?"

"రోజూ వంగి చూసేవాడు. చెబితే చూడటం మానేస్తాడు అనుకున్నాను. చెక్కల్ని అట్లా చూసుకునే మనిషి నాకు ఇంకెక్కడా దొరకలేదు."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. తెలుగులోనే అన్నాను. "ఆ ఒక్క ముక్క చెప్తే నీ నోటి ముత్యాలు రాలిపోయేటివా? సగం కూడు తిని బతికిండు నా బావ." హిందీలో మళ్ళీ చెప్పాను, కొంచెం తగ్గించి. విన్నాడు.  లేచి చెక్కల గదిలోకి పోయాడు. ఆ మొదటి కంటైనర్ చెక్కలు ఇప్పుడు నాలుగో అయిదో మిగిలాయి, మిగతావి అరిగి పోయాయి. అందులోది ఒకటి చంకలో పెట్టుకుని, లిఫ్టు వేయకుండా, నడుచుకుంటూనే వాలు ఎక్కాడు. అతనూ ముసలివాడు అవుతున్నాడు. మెల్లగా ఎక్కాడు. పైన కూర్చుని కాళ్ళు బిగించుకున్నాడు.

కిందికి వచ్చాడు. ఒక అంచు మీద కొంత దూరం, రెండో అంచు మీద కొంత దూరం. ఎక్కడా జారిపోలేదు, మంచు చెదరలేదు. అంచు పట్టకపోతే చీపురుతో ఊడ్చినట్టు వెడల్పు మరక పడుతుంది. ఇది కత్తితో గీసినట్టు పడింది. విప్పుకుని, చెక్క తుడిచి, తనే ర్యాక్ మీద పెట్టి పోయాడు. 

నేను అక్కకు ఫోను చేశాను. అక్కడ ఇంకా జనం ఉన్నారు. ఏం చెప్పాలో తెలియక అదే చెప్పాను. "అక్కా, బావ చెక్కలు ఖరాబు చెయ్యలేదే. కోచ్ చెప్పిండు" అన్నాను.

అక్క ఫోను పట్టుకుని జనంలోంచి బయటికి వచ్చినట్టుంది, ఏడుపులు దూరమయ్యాయి. తర్వాత, "ఎవలన్నరురా ఖరాబు చేసిండని?" అంది.

 ఎవరూ అనలేదు. ఇన్నేళ్ళలో ఒక్కరూ అనలేదు.

తలుపులు తెరిచే ముందు మంచు చదును చేయడం నా పని. పెద్ద ఇనుప పళ్ళ దంతె తీసుకుని పైనుంచి మొదలుపెట్టాను. నిన్నటి గుంటలు, అడుగులు, జనం పడ్డ చోట్లు, అన్నీ చెరుపుతూ దిగాను. కోచ్ గీసిన గీత దగ్గరికి వచ్చినప్పుడల్లా దంతె ఎత్తి అవతల పెట్టాను. అది ఆ గోడ నుంచి ఈ గోడకు, మళ్ళీ ఆ గోడకు పోయింది గనుక చాలాసార్లు ఎత్తవలసి వచ్చింది. చేతులు నొప్పి పెట్టాయి. కిందికి వచ్చి వెనక్కి చూస్తే, తెల్లగా దువ్విన వాలు మొత్తం మీద అదొక్కటే ఉంది, పైనుంచి కింది దాకా, సన్నగా, ఎక్కడా తెగకుండా. బయట జనం క్యూ కట్టారు. తలుపు తీయమని పిలుస్తున్నారు. నేను కొంచెం సేపు తీయలేదు.